ఊరంతటికి ఒక్క కాగు

పుష్యమాసమున తెల్లవారుజామున గుండ్లపోచంపల్లి రైల్వే స్టేషను వైపు నడచు వారికి త్రోవ ప్రక్కల చలిమంటలు కానవచ్చును. ఎండుటాకులు, చితుకులు, అట్టపెట్టెల ముక్కలు, ఏది దొరకిన నది వేసి, నలుగురైదుగురు చుట్టును గూర్చుండి చేతులు కాచుకొనుచుందురు. నా చిన్ననాట ఇంటింటి పెరటిలోను మూడురాళ్ల పొయ్యిపై నొక పెద్ద కాగు ఉండెడిది. కోడి కూయక మున్నే మా తల్లి దాని క్రింద మంట పెట్టెడిది. ఇంటిల్లిపాదియు స్నానములు ముగించు వరకు ఆ మంట ఆరరాదు. ఎన్ని యిండ్లో అన్ని కాగులు, ఎన్ని కాగులో అన్ని మంటలు. ప్రొద్దు పొడుచు వేళకు ఊరిపై పొగ మంచుతో గలిసి ఒక దుప్పటివలె పరచుకొని యుండెడిది.

పదవీ విరమణము చేసినను, పిల్లలు పిలిచినప్పుడు నేను బడికి పోవుచునే యుందును. ఒక చలికాలపు ఉదయమున ఈ కాగుల మాట చెప్పుచుండగా ఒక బాలుడు లేచి, "అయ్యా! ఊరంతటికి ఒక్కటే పెద్ద కాగు పెట్టి, గొట్టముల ద్వారా ఇంటింటికి వేడినీరు పంపరాదా?" అని అడిగెను. తరగతి యంతయు గొల్లున నవ్వెను. అది నవ్వదగిన ప్రశ్న కాదు. చలిదేశములలోని అనేక పట్టణములు నూరేండ్లకు పైబడి ఆ విధముగనే వెచ్చదనమును పొందుచున్నవి. ఊరి చివర నొక పెద్ద బాయిలరు ఉండును. అందు కాగిన నీరు నేలలో పాతిన గొట్టముల వెంట పోయి, ఇండ్ల గోడలకు బిగించిన ఇనుప పలకలలో తిరిగి, గదులను వెచ్చజేసి, చల్లబడి మరల బాయిలరునకే వచ్చి చేరును. దీనిని ఊరుమ్మడి వేడి అందము. పెక్కు చోట్ల ఆ బాయిలరు క్రింద మండునది బొగ్గో, సహజవాయువో అగును. కొన్ని చోట్ల మాత్రము అది అణువుల నుండి పుట్టిన వేడిమి. ఆ కొన్ని చోట్లను గూర్చియే ఈ పాఠము.

ఆ వేడిమికి కావలసిన ఇంధనము తయారగు చోటు మనకు దూరము కాదు. గుండ్లపోచంపల్లికి ఆగ్నేయముగా, పాతిక కిలోమీటర్ల లోపుననే, మౌలాలి ప్రాంతమున న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ అను కేంద్ర ప్రభుత్వ సంస్థ కలదు. 1971లో స్థాపింపబడిన ఆ సంస్థలో యురేనియమును శుద్ధి చేసి, సుద్దముక్క యంత లావు గల నల్లని బిళ్లలుగా నొత్తి కాల్చెదరు. ఆ బిళ్లలను జిర్కోనియము మిశ్రలోహపు సన్నని గొట్టములలో నింపి మూతులు బిగించెదరు. అట్టి గొట్టములు 19 చేర్చి కట్టినచో 220 మెగావాట్ల రియాక్టరునకు పనికివచ్చు ఒక కట్ట యగును. దాని పొడవు అర మీటరు; బరువు సుమారు 16 కిలోలు. పదేండ్ల పిల్లవాని నెత్తుటకంటె దాని నెత్తుట తేలిక. క్రొత్త కట్టను పనివారు చేతులతో పట్టుకొని పరీక్షింపవచ్చును. రియాక్టరులో పనిచేసి వెలికివచ్చిన పిమ్మట మాత్రము దాని దరికి మనుష్యుడు పోరాదు. అప్పుడు దానిని యంత్రములే తీసి, లోతైన నీటి మడుగులో నుంచును.

అంత చిన్న కట్టలో ఎంత వేడి యున్నది? లెక్క వేసి చూచినచో, మన దేశపు బొగ్గు నాలుగు వందల టన్నులకు మించి కాల్చిన వచ్చునంత. గూడ్సు బండి పెట్టెలు ఆరేడు నిండుగా బొగ్గు నింపి, దాని నంతయు ఒక తల్లి తన చంకన నెత్తుకొనగల వస్తువులో నిమిడ్చినట్లు భావింపుడు.

ఈ వేడి పుట్టు విధము క్లుప్తముగా చెప్పెదను. యురేనియములో కొన్ని పరమాణువులకు ఒక గుణము కలదు. న్యూట్రాను అను సూక్ష్మకణము వచ్చి తాకినంతనే అవి రెండుగా చీలిపోవును. ఆ చీలికలు మహావేగముతో చుట్టునున్న వానిని ఢీకొనుటచే వేడి పుట్టును. చీలునపుడే మరి రెండు మూడు న్యూట్రానులు వెలువడి, ఇతర పరమాణువులను చీల్చును. ఈ వరుసను అదుపులో నుంచి నడిపించు పాత్రయే రియాక్టరు. అందలి వేడిని నీరు గ్రహించి, వేరొక నీటిని ఆవిరిగా మార్చును. ఆ యావిరి టర్బైను చక్రములను త్రిప్పగా కరెంటు పుట్టును.

ఇందొక విషయమును పాఠకులు చక్కగా గుర్తింపవలెను. అణు విద్యుత్కేంద్రమున పుట్టిన వేడి అంతయు కరెంటు కాదు. 220 మెగావాట్ల కరెంటు నిచ్చు మన రియాక్టరులో సుమారు 750 మెగావాట్ల వేడి పుట్టును. తక్కిన వేడి ఏమగుచున్నది? టర్బైను దాటివచ్చిన ఆవిరిని మరల నీరుగా మార్చుటకై సముద్రపు నీటితోనో, చెరువు నీటితోనో చల్లార్చెదరు. ఆ నీరు వేడెక్కి సముద్రమునకో, చెరువునకో, గాలికో ఆ వేడిని వదలివేయును. మూడు పాళ్లలో రెండు పాళ్లకు పైగా ఈ విధముగా పోవుచున్నది. అన్నము వార్చి గంజిని పారబోసినట్లున్నదే యని మీ రనవచ్చును. గంజిని త్రాగెదరు, కూరలో పోసెదరు, బట్టలకు పెట్టెదరు. తెలిసిన యిల్లాలు దానిని పారబోయదు. అణుకేంద్రపు గంజిని మాత్ర మేల పారబోయుచున్నారు?

దానికి కారణము లేకపోలేదు. టర్బైను చివర వచ్చు ఆవిరి చాల నీరసమైనది. సుమారు నలువది డిగ్రీలే. స్నానమునకు సరిపోవునేమో గాని, మంచు కురియు దేశమున కిలోమీటర్ల దూరము పోయి ఇంటిని వెచ్చజేయుటకు చాలదు. కావున టర్బైను మధ్యలోనే, బలము గలిగిన యావిరిని కొంత తీసివేయవలయును. తీసినంత మేరకు కరెంటు తగ్గును. ఒక పాలు కరెంటు వదలుకొన్నచో పెక్కు పాళ్ల వేడి చేతికి వచ్చును. ఇది లాభసాటి బేరమే. అయినను ఊరక వచ్చిన దని మాత్ర మనరాదు.

ఈ బేరమును తొలినాళ్లలో చేసి చూచినవారు స్వీడను దేశస్థులు. వారి రాజధానియైన స్టాక్‌హోమునకు దక్షిణమున, ఆగెస్టా యను చోట, కొండరాతిని తొలిచి ఆ గుహలో నొక రియాక్టరును నిర్మించిరి. అది 1963లో పనిచేయ నారంభించెను. దానినుండి 10 మెగావాట్ల కరెంటు, 55 మెగావాట్ల వేడి వచ్చెడివి. చూచితిరా! అచట ముఖ్యమైన పంట వేడియే, కరెంటు కొసరు. ఆ వేడి ఫార్‌స్టా యను శివారు పట్టణపు ఇండ్లకు పోయెడిది. మరియొక విశేషము. ఆ రియాక్టరు భారజలమును, శుద్ధిచేయని పాళ్లలోనే యున్న సహజ యురేనియమును వాడునట్టిది. మౌలాలిలో తయారగు కట్టలు ఏ జాతి రియాక్టర్లకు పోవుచున్నవో, ఆగెస్టా రియాక్టరు ఆ జాతిలోనిదే. పదునొకండేండ్లు పనిచేసిన పిదప, ఖర్చులు గిట్టుట లేదని 1974లో దానిని మూసివేసిరి.

ఇక్కడ మీలో నొకరికి సందేహము కలుగవలెను. కలుగనిచో నేనే కలిగించెదను. రియాక్టరు నీరు ఇంటి గోడలోనికి వచ్చినచో ప్రమాదము కాదా? ఆ నీరు రాదు. పాలు మాడకుండుటకై పాలగిన్నెను వేడినీళ్ల గిన్నెలో నుంచి కాచు పద్ధతి మీరు చూచియుందురు. పాలకు వేడి వచ్చును గాని నీళ్లు వచ్చి కలియవు. అదే విధముగా రియాక్టరులోని నీరు ఒక వలయములో తిరుగును. దాని వేడి లోహపు గోడ గుండ రెండవ నీటికి, రెండవదాని వేడి మూడవ నీటికి చేరును. ఊరికి పోవునది ఆ చివరి నీరు. ఒకవేళ నడుమ గోడకు చిల్లి పడినను మలిన నీరు ఊరివైపు పోకుండ, ఊరి వైపు నీటిలో ఒత్తిడిని ఎక్కువగా నుంచు పద్ధతియు కలదు. అట్లుంచినచో కారుట జరిగినను లోపలికే కారును. వీటికి తోడు ఆ నీటిలో రేడియోధార్మికత యున్నదేమో యని ఎడతెగక పరీక్షించుచుందురు.

స్విట్జర్లాండు దేశమున ఆరె నది యొడ్డున బెజ్నౌ కేంద్రమున్నది. అచటి రెండు రియాక్టర్లు 1969, 1971 సంవత్సరముల నాటివి. 1983-84 చలికాలము మొదలు ఆ కేంద్రపు వేడి చుట్టుప్రక్కల గ్రామములకు పోవుచున్నది. పదునొకండు గ్రామముల వారు కలిసి ఏర్పరచుకొన్న ఏర్పాటది. సుమారు 120 డిగ్రీల నీరు బయలుదేరును. నూరు డిగ్రీలు దాటిన నీరు ఆవిరి కాదా యందురేమో. గొట్టములో ఒత్తిడి యుండుటచే కాదు, ప్రెషరు కుక్కరు సంగతి మీకు తెలియనిది కాదు. ఆ రెండు రియాక్టర్లను 2032, 2033 సంవత్సరములలో మూసివేయుదుమని దాని యజమానులు 2024లో ప్రకటించిరి. ఇక ఆ గ్రామములు వేరొక మంటను వెదకుకొనవలెను. ఉమ్మడి కాగులో ఉన్న చిక్కు ఇదే. ఇంటి కాగు ఆరిన ఒక యిల్లు చలికి వణకును. ఊరి కాగు ఆరిన ఊరంతయు వణకును.

మూడవ ఉదాహరణము పెద్దది, క్రొత్తది. చైనాలో షాన్‌డాంగ్ రాష్ట్రపు సముద్రతీరమున హైయాంగ్ అను పట్టణము కలదు. దాని సమీపమున రెండు పెద్ద రియాక్టర్లు విద్యుత్తు నిచ్చుచున్నవి. 2019 నవంబరులో ఆ కేంద్రమునుండి మొట్టమొదట ఏడు లక్షల చదరపు మీటర్ల గృహవైశాల్యమునకు వేడి నిచ్చిరి. రెండేండ్లలో, అనగా 2021 నవంబరు నాటికి, హైయాంగ్ పట్టణమున రెండు లక్షల జనులకు ఆ వేడి చేరెను. అంతకు ముందు ఆ పని చేయుచుండిన పండ్రెండు బొగ్గు బాయిలర్లను ఆర్పివేసిరి. ఏటేట లక్ష టన్నుల బొగ్గు మిగులునని లెక్క గట్టిరి. ప్రజలు చెల్లించు రుసుమును చదరపు మీటరునకు ఒక యువాను చొప్పున తగ్గించిరి కూడ. 2023 చలికాలమునకు 23 కిలోమీటర్ల గొట్టము వేసి, రుషాన్ అను పొరుగు పట్టణమునకును వేడిని పంపిరి. రెండు పట్టణములును కలిసి నాలుగు లక్షల జనులు.

అంత దూరము పోవునప్పుడు నీరు చల్లబడదా? చిన్న చెంబులోని వేడినీరు వీథి దాటునప్పటికే గోరువెచ్చనగును. పెద్ద కాగులోని నీరు మధ్యాహ్నము వరకును వెచ్చగా నుండును. నీరు హెచ్చిన కొలదియు, దాని పరిమాణముతో పోల్చినచో వేడి వెలువడు ఉపరితలము తగ్గును. లావైన గొట్టమునకు దళసరి కవచము తొడిగి, నీటిని వేగముగా నడిపినచో కొద్ది డిగ్రీలు మాత్రమే నష్టమగును. అయితే అట్టి గొట్టమునకు కిలోమీటరు కిలోమీటరునకు ధనము పోయవలసి యుండును. కరెంటు తీగపై నూర్ల కిలోమీటర్లు పోగలదు. వేడి మాత్రము పొరుగూరు దాటుటకే ఆయాసపడును. కావున అణువేడి కావలసిన వారు అణుకేంద్రమునకు దగ్గరగా నుండక తప్పదు.

దగ్గరగా నుండుట! అందరికి తలనొప్పి యైనది ఈ మాటయే. రష్యా దేశమున నేడు నిజ్నీ నొవ్‌గొరొద్ అనబడు గోర్కీ నగరమునకు, ఒక్క వేడి కొరకే రెండు రియాక్టర్లు కట్ట నారంభించిరి. ఇంతలో 1986లో చెర్నోబిల్ ప్రమాదము జరిగెను. నగరవాసులు భయపడి ఎదురు తిరిగిరి. పని సగములో నిలిచిపోయెను. ఆ రియాక్టర్లు ఒక్క నాడైనను వెలుగలేదు. వారి భయము నేను తప్పు పట్టను. ఆ దేశమందే, బొగ్గు చేరవేయుట దుర్భరమైన ఉత్తరపు అంచున, బిలిబినో యను ఊరికి 1974 మొదలు అణువేడియే ఆధారమైనది. పెవెక్ రేవులో, ఓడపై నమర్చిన రెండు చిన్న రియాక్టర్లు 2020 నుండి ఊరిని వెచ్చజేయుచున్నవి. అచట చలియే మృత్యువు. రియాక్టరు భయము దాని ముందు చిన్నదయ్యెను.

మన దేశమున ఇండ్లు కాచుకొనుటకు ఇట్టి యేర్పాటు లేదు. లంబసింగిలోను, ఆదిలాబాదు అడవులలోను చలి గజగజలాడించు మాట నిజమే. అయిననది కొద్ది వారముల ముచ్చట. ఏడాదికి రెండు నెలలు పనిచేసి పది నెలలు నిద్రించు గొట్టములను ఎవరు వేయుదురు? అట్లని మనవారు అణువేడిని కరెంటునకు తప్ప వాడలేదనుట పొరపాటు. రెండు తార్కాణములు చెప్పెదను.

రాజస్థానములో రావత్‌భాటా వద్ద అణు విద్యుత్కేంద్రము ప్రక్కనే భారజలపు కర్మాగారము కలదు. మామూలు నీటిలో సుమారు ఏడు వేల పాళ్లలో నొక పాలు మాత్రమే భారజలముండును. దానిని ఏరి తీయుటకు విస్తారముగా ఆవిరి కావలెను. ఆ యావిరిని ప్రక్కనున్న అణుకేంద్రమునుండియే గొనునట్లు ఆ కర్మాగారమును నిర్మించి 1985లో నడిపిరి. మన తెలంగాణములో మణుగూరు వద్ద, గోదావరి గట్టున, మరియొక భారజల కర్మాగారము 1991లో ప్రారంభమయ్యెను. ఏటికి 185 టన్నుల సామర్థ్యము గల పెద్ద కర్మాగారమది. అక్కడ చేరువలో అణుకేంద్రము లేదు. సింగరేణి బొగ్గు సమృద్ధిగా నున్నది. కావున ఆ బొగ్గును కాల్చి పుట్టించిన ఆవిరితోనే రియాక్టర్లకు వలయు భారజలమును తీయుదురు. ఒకచోట అణువు తన నీటిని తానే కాచుకొనుచున్నది. మరొకచోట బొగ్గు అణువునకు వంట చేసి పెట్టుచున్నది. చేరువలో ఏది యుండిన నదియే పొయ్యిలోనికి!

రెండవ తార్కాణము చెన్నపట్టణమునకు దక్షిణమున కల్పాక్కములోనిది. అచటి అణుకేంద్రము నుండి తక్కువ ఒత్తిడి గల యావిరిని కొంత మళ్లించి, దానితో సముద్రపు నీటిని కాచి, ఆవిరి చేసి, ఉప్పు విడిచిన మంచినీటిని పట్టు యంత్రములను భాభా పరిశోధన కేంద్రము వారు నెలకొల్పిరి. ఈ పద్ధతిచే రోజునకు 45 లక్షల లీటర్లు, సన్నని పొరల గుండ నీటిని నొక్కి వడియగట్టు వేరొక పద్ధతిచే 18 లక్షల లీటర్లు, వెరసి 63 లక్షల లీటర్ల మంచినీరు పట్టుటకు ఆ నిర్మాణము తగియున్నది. పాలగిన్నె న్యాయమే అచటను. రియాక్టరు నీటికిని త్రాగునీటికిని నడుమ వేరొక నీటి వలయమును అడ్డుగా నుంచిరి. ఇది స్వీడను వారి ఇంటి వెచ్చదనమునకు మన యెండదేశము చెప్పిన సమాధానమని నే ననుకొందును. వారికి లేనిది వెచ్చదనము, మనకు లేనిది మంచినీరు.

ఇక తెలుగు నేలపై శ్రీకాకుళము జిల్లా తీరమున కొవ్వాడ వద్ద ఆరు రియాక్టర్లు నిర్మింపవలెనను ప్రతిపాదన చాల యేండ్లుగా నున్నది. ఒక్కొక్కటి 1208 మెగావాట్లది. ఇవి హైయాంగులో వేడి నిచ్చుచున్న రియాక్టర్ల రకమే. అందుకై అచటి గ్రామములు కదలవలసి యున్నది. వానిలో వేటకు పోవు మత్స్యకారులున్నారు. రియాక్టర్లు విడుచు వేడినీటి వలన తీరమున చేపలు తగ్గునేమో యని వారి దిగులు. ఆలోచింపుడు. ఇంటికో, యంత్రమునకో, మంచినీటి తయారికో ఉపయోగించిన ప్రతి పాలు వేడియు, సముద్రమున పడని వేడియే. అయితే ఊరు వదలి పోయినవారికి ఆ నీరు ఎంత దూరమునకు వచ్చును, ఆ లాభములో వారి పాలెంత యను ప్రశ్నకు ఏ యంత్రమును జవాబు చెప్పదు. దానిని ముందే తీర్చుకొని పిదప పునాది త్రవ్వుట మేలని నా అభిప్రాయము.

మరి గుండ్లపోచంపల్లి మాట? మనకు చలికంటె వేసవి బాధ హెచ్చు. వేడితో చల్లదనము పుట్టింపవచ్చునన్న మీరు నమ్మెదరా? వానకాలమున వంటింటి జాడీలో ఉప్పు చెమ్మగిల్లుట చూచియే యుందురు. ఉప్పు గాలిలోని తేమను పీల్చును. దానిని పెనముపై వేయించినచో తేమ పోయి మరల పొడి యగును. లిథియము బ్రోమైడు అను లవణమునకు ఈ దాహము మరింత హెచ్చు. గాలి తీసివేసిన పాత్రలో నీరు అయిదారు డిగ్రీల చలిలోనే మరుగును. మరుగుటకు వలయు వేడిని ప్రక్క గొట్టములోని నీటినుండి లాగుకొనును. కూజాపై చెమ్మ ఆరి లోని నీరు చల్లబడుటయు నిట్టిదే. పుట్టిన ఆవిరిని ఆ లవణద్రావణము పీల్చుకొనును. దానిని మరల దాహము గల దానిగా చేయుటకు కావలసినది కరెంటు కాదు, ఇంచుమించు తొంబది డిగ్రీల వేడి. ఇట్టి యంత్రములు నేడు పెద్ద భవనములలోను, కర్మాగారములలోను పనిచేయుచున్నవి. మన ఊరి దుస్తుల కర్మాగారములలో ఇస్త్రీకి ఏడాది పొడుగున ఆవిరి కావలెను. చలికి రెండు నెలలే పనికివచ్చు గొట్టము, ఆవిరికిని చల్లదనమునకును పండ్రెండు నెలలును పనికివచ్చును.

ఇంత చెప్పి ముగింపబోవగా ఆ బాలుడే మరల లేచి, "అయితే ఆ గొట్టము మన ఊరికి ఎప్పుడు వచ్చును?" అని అడిగెను. నేను గోడపై పటమును చూపితిని. మనకు అణు విద్యుత్కేంద్రములు కర్ణాటకములో కైగా, తమిళనాట కల్పాక్కము. రెండును నూర్ల కిలోమీటర్ల దూరము. హైయాంగు నుండి రుషాను వరకు పోయిన గొట్టము 23 కిలోమీటర్లు. పిల్లవాడు స్కేలుతో పటము నంతయు కొలిచి, "మౌలాలి కట్టలు అంత దూరము పోవునుగాని, వానిలోని వేడి మాత్రము తిరిగి మన యింటికి రాదన్న మాట" అనెను. కరెంటుగా కొంత వచ్చుననియు, తీగ వెంట వచ్చు కరెంటులో ఏది అణుకేంద్రముదో, ఏది బొగ్గుదో వేరుచేసి చూపలేమనియు చెప్పితిని. వాడు తృప్తిపడినట్లు కనబడలేదు. మరునాడు ఇంటినుండి మూతగల స్టీలు డబ్బాలో వేడినీరు తెచ్చి, దానికి గోనెపట్టా చుట్టి, గంటగంటకు ఉష్ణమాపకముతో కొలుచుచు కూర్చుండెను.